ప్రార్థన పట్టేంత సేపు

ఆరేళ్ళపాటు నేను నీళ్ళ పక్కనే పనిచేస్తూ నీళ్ళలోకి దిగలేదు. ఊరికి నీళ్ళు పంపే జలాశయం గట్టు మీదే మా స్టోర్సు. కిటికీ తెరిస్తే నీళ్ళు కనిపిస్తాయి. అందుకని ఎండాకాలంలో కూడా దాన్ని మూసే ఉంచేవాణ్ణి. బోల్టులు, వాషర్లు, గ్రీజు డబ్బాల మధ్య చెమటలు కక్కుతూ కూర్చునేవాణ్ణి. ఎవరైనా అడిగితే దుమ్ము వస్తుందని చెప్పేవాణ్ణి.

ఆ వేసవి మొదట్లో నోటీసు బోర్డు మీద ఒక కాగితం పెట్టారు. జలాశయం నుంచి నీళ్ళు పంపులకి వెళ్ళే దారిలో ఒక కాంక్రీటు బావి ఉంది. దాని అడుగున ఇనప జల్లెడ. నాచూ చెత్తా పంపుల్లోకి పోకుండా ఆపేది అదే. కొన్నేళ్ళుగా దాన్ని గొలుసు కప్పీతో పైకి లేపి కడుగుతున్నారు. ఈసారి కప్పీ పట్టాలు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. కొత్తవి రావడానికి మూడు నెలలన్నారు. ఈలోగా నీటిమట్టం పడిపోయింది, నాచు పెరిగింది, ఊళ్ళో మేడల మీదికి నీళ్ళెక్కడం మానేశాయి. గాలి సిలిండరు కట్టుకున్న మనిషి ఆ ఇరుకు బావిలో పట్టడు. కాబట్టి మళ్ళీ పాత పద్ధతే గతి. ఒకరు ఊపిరి బిగబట్టి మునగాలి, ఒకరు పైన తాడు పట్టాలి.

ఇద్దరికీ ఒకే పరీక్ష. నాలుగు వందల మీటర్లు పన్నెండు నిమిషాల్లో ఈదాలి. పాతిక మీటర్ల కొలనుని ఆ చివరి నుంచి ఈ చివరికి నీటి కింద నుంచే దాటాలి. రెండున్నర కిలోమీటర్లు పదహారు నిమిషాల్లో పరిగెత్తాలి. అరవై కిలోల బరువుని తాడుతో పైకి లాగాలి. పైన నిలబడేవాడికి ఈత పరీక్ష ఎందుకని ఎవరో అడిగితే, "అవసరమైతే అతనూ దూకాలిగా?" అందట కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ. న్యాయమైన మాటే.

ఆ కాగితం మీద మొదటి సంతకం మా తమ్ముడి కూతురిది.

దాన్ని మేమంతా పిచ్చుక అంటాం. ఒకచోట కాలు నిలవదని వాళ్ళ నాన్న పెట్టిన పేరు. ఇరవై మూడేళ్ళు వచ్చాయి, ఊరి ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పుతుంది. తమ్ముడు పోయినప్పటి నుంచి అదీ, వాళ్ళమ్మా మాతోనే ఉంటున్నారు. తమ్ముడు పోయింది ఆ బావిలోనే.

భోజనాల దగ్గర ఆ సంగతి బయటపెట్టింది. "నాన్న చేసిన పనే కదా," అంది, కంచంలోకి చూస్తూ.

"నాన్న చేసిన పని కాబట్టే వద్దంటున్నా," అంది మరదలు.

"ఎవరో ఒకరు దిగాలి కదమ్మా."

"ఊళ్ళో ఇంకెవరికీ ఈత రాదా? నీ ఒక్కదానికే మొప్పలు మొలిచాయా?"

"ముందు తినండే ఇద్దరూ," అంది నా భార్య. "చల్లారిపోతోంది."

మరదలు తినలేదు. కంచం పక్కకి జరిపింది. మా ఇంట్లో ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఏ మాటైనా గుడ్డ కత్తిరించినట్టు ఒకసారి కొలుచుకునే అంటుంది. చివరికి నా వైపు తిరిగింది.

"తాడు మీరు పట్టేట్టయితే సరే, బావగారూ. ఇంకెవరు పట్టినా నేను ఒప్పుకోను. ఆ రోజు మీరుండబట్టే ఆ మనిషిని పైకైనా తేగలిగారు. అందరూ అదే అన్నారు."

నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపాను.

"ఈ వయసులో ఈయనకి పరుగు పందెమా?" అంది నా భార్య. "రెండు మెట్లెక్కితే మోకాళ్ళు కబుర్లు చెబుతున్నాయి!"

పిచ్చుక మాత్రం నా మొహంలోకి ఆశగా చూస్తోంది. "ఐదు వారాలుంది పెదనాన్నా. నేను తయారుచేస్తా నిన్ను."

సరేనన్నాను. మరదలికి ఇచ్చిన మాట ఒకటి, నా మనసులో ఉన్నది ఇంకొకటి. పరీక్ష నెగ్గాలి, కానీ తాడు నేను పట్టకూడదు. నేను దిగాలి, పిచ్చుక తాడు పట్టాలి. అలా ఎందుకో ఆ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మర్నాడు తెల్లవారుతుండగానే మొదలైంది. నాకు పరుగు నేర్పే బాధ్యత మా పంపు ఆపరేటరు నెత్తిన వేసుకున్నాడు. పొద్దస్తమానం ఏదో ఒకటి కూనిరాగం తీస్తూ ఉంటాడని అతన్ని అందరూ మోటారు అంటారు. తను సైకిలెక్కి నా పక్కనే వచ్చేవాడు.

"పరుగంటే కాళ్ళు నేల మీంచి లేవాలి బావా. నువ్వు రోడ్డుకి ఇస్త్రీ చేస్తున్నావు."

"నువ్వు దిగి పరిగెత్తు, చూస్తా."

"నాకెందుకు? పరీక్ష నీకు. నాకు పాట ఉంది." అని మళ్ళీ రాగం అందుకునేవాడు. మొదటి వారం గట్టు చివరిదాకా వెళ్ళేసరికి వాంతయింది. రెండో వారం కాలేదు. అంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఇంటికొచ్చాక ఇసక నింపిన బకెట్టు చేతికొకటి పట్టుకుని గుంజీళ్ళు. మెట్ల కింద కడ్డీ మీంచి తాడు వేసి, మూట కట్టి, లాగడం. తాడు లాగడం మాత్రం చేతులు మర్చిపోలేదు. అరచేతుల్లో పాత కాయలు కరిగిపోయి చాలా కాలమైంది, అవే చోట్ల కొత్త బొబ్బలు లేచాయి.

"బకెట్లు రెండూ ఇసకతో నింపేశారు," అంది నా భార్య. "బట్టలు నా నెత్తి మీద నానబెట్టనా?" అంటూనే సాయంత్రానికి బొబ్బలకి రాయడానికి మందు తెచ్చి పెట్టింది.

ఈతకొలను దగ్గరే అసలు కష్టం. మొదటి రోజు మెట్ల మీద నిలబడ్డాను. ఒక మెట్టు, రెండో మెట్టు. మూడో మెట్టు దగ్గర నీళ్ళు నడుముకి తగిలాయి. ఆరేళ్ళ తర్వాత ఆ చల్లదనం తగిలేసరికి కాళ్ళు వెనక్కి వస్తామన్నాయి. నీళ్ళలోంచి తల బయటపెట్టి పిచ్చుక చూస్తోంది. మెడలో ఈల, స్టాప్‌వాచీ.

"తోసెయ్యమంటావా?"

"నోరు ముయ్యవే," అని మునిగాను.

చేతులకి గుర్తుంది. ఊపిరే మర్చిపోయింది. పాతిక మీటర్లకే గోడ పట్టుకుని కుక్కలా రొప్పాను. పిచ్చుక నా గడ్డం పట్టుకుని పక్కకి తిప్పి చూపించింది. "తల పైకెత్తకు పెదనాన్నా. చెంప నీళ్ళ మీద ఆనించి, దిండు మీద పడుకున్నట్టు, అలా పీల్చు." చిన్నప్పుడు వాళ్ళ నాన్నకి అదే మాట నేను చెప్పాను, దిండు సంగతితో సహా. వాడు దీనికి చెప్పి ఉంటాడు. మాట తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది.

మూడో వారం చివరికి నాలుగు వందల మీటర్లు పదమూడు నిమిషాల్లోకి వచ్చాయి. పరుగు పదిహేడు. ఒంటి మీద ఎప్పుడో అణిగిపోయిన కండ ఒకటొకటే నిద్ర లేస్తున్నట్టు ఉండేది. పొద్దున స్నానం చేసి దేవుడి పటం ముందు నిలబడితే ఊపిరి తేలిగ్గా ఆడేది. కొన్ని రోజులు నిజంగానే సంతోషం వేసింది. వేసినందుకు సిగ్గు కూడా వేసింది.

నీటి కింది ఈత మాత్రం కుదరలేదు. ఎన్నిసార్లు మునిగినా పద్దెనిమిది మీటర్ల దగ్గర, ఎవరో జుట్టు పట్టి లాగినట్టు, పైకి లేచేసేవాణ్ణి. గాలి చాలక కాదు. మిగిలిన ఏడు మీటర్లకి సరిపడా గాలి ఛాతీలో ఉండగానే లేచేవాణ్ణి.

నాలుగో వారంలో ఒక పొద్దున, పిల్లల బ్యాచీ వెళ్ళిపోయాక, పిచ్చుక కొలను అంచున కూర్చుని కాళ్ళు నీళ్ళలో వేలాడేసింది.

"ప్రతిసారీ ముప్ఫై సెకన్లకే లేస్తున్నావు. ఒకటి అటూ ఇటూ, అంతే. మనిషికి ఊపిరాడకపోతే ఒకరోజు ఇరవై, ఒకరోజు ముప్ఫై ఐదు అవ్వాలి. నీకు ఎప్పుడూ ముప్ఫై. లోపల ఏదో లెక్కపెడుతున్నావు. ఏంటది?"

వాచీ పట్టుకున్న పిల్లతో అబద్ధం ఆడలేం.

"లెక్క కాదమ్మా. ప్రార్థన."

"ఏ ప్రార్థన?"

"పన్నెండు పాదాలది. మా నాన్న నేర్పింది. నీళ్ళ కింద అదే మొదలవుతుంది, నేను మొదలుపెట్టకపోయినా. ఏడో పాదం దగ్గరికి వచ్చేసరికి ఇక ఉండలేను."

నిజానికి ఆ ప్రార్థన నేను చదవడం మానేసి ఆరేళ్ళయింది. పటం ముందు మిగిలినవన్నీ చదువుతాను, అదొక్కటీ తప్ప. ఎందుకు మానేశారని నా భార్య ఒకసారి అడిగింది. తమ్ముడు గుర్తొస్తాడన్నాను. అది సగం నిజం.

"నువ్వు బావి దగ్గర అదే చదివేవాడివా?" అంది పిచ్చుక. "నాన్న చెప్పేవాడు, పెదనాన్న చదవడం అయ్యేసరికి పైకి లాగేస్తాడని."

"అవును. మా నాన్నకి వాచీ ఉండేది కాదు. కింద వాళ్ళ చిన్నాన్న మునిగితే పైన ఈయన తాడు పట్టుకుని ప్రార్థన చదివేవాడు. పూర్తికాగానే లాగెయ్యడం. కిందివాడు ఎలా ఉన్నాడని అడగడం లేదు, లాగడమే. వాచీలొచ్చాక కూడా మేము అదే పద్ధతి పట్టుకున్నాం. అలవాటు. దేవుడు కూడా తాడు పట్టినట్టు ఉండేది."

"ఎంతసేపు పడుతుంది? చదువు, చూస్తా." వాచీ నొక్కింది.

చదివాను. ఆరేళ్ళ తర్వాత పైకి. మాట ఎక్కడా తడబడలేదు.

"యాభై ఐదు," అంది. "సరిపోతుందిగా! నిమిషం కూడా పట్టదు. భలే పద్ధతి."

అక్కడితో ఊరుకోవచ్చు. అది వాచీని మళ్ళీ సున్నాకి తిప్పుతోంది. ఎండ నీళ్ళ మీద పడి దాని మొహం మీద కదులుతోంది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆ రోజు చదివినట్టు చదవనా?"

అది నా వైపు చూసింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఆ పొద్దున ఆసుపత్రిలో డాక్టరు, మా ఆవిడని ఇంటికి తీసుకెళ్ళవచ్చని చెప్పాడు. పదకొండు రోజులుగా తను బతుకుతుందని మాకెవరికీ నమ్మకం లేదు. అటు నుంచి అటే పనికి వెళ్ళాను. తమ్ముడు నవ్వుతూ నడుముకి తాడు కట్టుకుని, "ఇవాళ వదినకి ఏం తీసుకెళ్దాం?" అంటూ మునిగాడు. నేను తాడు పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ఆ రోజు ఒక్కో మాటా ఒక్కో దీపం పెట్టినట్టు చదివాను. 'ఊపిరి నీది' అన్న ఏడో పాదం దగ్గర ఏడుపొచ్చి ఆగాను. మళ్ళీ మొదటి మాట నుంచి ఆ పాదం చదివాను. నా జన్మలో అంత మనసు పెట్టి ఏనాడూ దేవుణ్ణి తలచుకోలేదు.

అలాగే చదివాను కొలను దగ్గర కూడా. కళ్ళు తెరిచేసరికి అది వాచీ వంకే చూస్తోంది. ఎంతయిందో చెప్పలేదు. నాకు తెలుసు. తమ్ముడు పోయిన పది రోజులకి స్టోర్సు తలుపు వేసుకుని గోడ గడియారం కింద నిలబడి చూసుకున్నాను. నిమిషం నలభై.

"బెల్టు కొక్కెం జల్లెడలో ఇరుక్కుంది వాడికి," అన్నాను. "తాడు ఒక వంగిన కడ్డీ కింద పడింది. వాడు లాగినా నాకు తెలియలేదు. ప్రార్థన పూర్తయ్యాక లాగాను. విచారణకి వచ్చిన ఆయన ఎంతసేపటికి లాగావన్నాడు. ప్రార్థన కాగానే అన్నాను. అదెంతసేపు అని మిగతావాళ్ళని అడిగితే నిమిషం అన్నారు. నిమిషం అని రాసుకున్నాడు. నేను కాదనలేదు."

కొలనులో నీళ్ళు శుభ్రం చేసే మిషను ఎక్కడో గుర్రుమంటోంది. పిచ్చుక కాళ్ళు కదపడం ఆపేసింది. వాచీని మెడలోంచి తీసి అంచు మీద పెట్టింది.

"ఇంకా నాలుగు లెంగ్తులున్నాయి ఇవాళ్టికి," అంది. "దిగు."

దిగాను. నాలుగూ ఈది తల ఎత్తేసరికి అంచు మీద వాచీ ఉంది, పిల్ల లేదు.

మూడు రోజులు అది నాతో మాట్లాడలేదు. ఇంట్లో ఎదురుపడితే పక్కకి తప్పుకునేది. మరదలు, నా భార్య, ఇద్దరూ మా మొహాలు మార్చి మార్చి చూశారు. నేను ఒక్కణ్ణే వెళ్ళి ఈదాను. మోటారు ఒక్కడే పక్కన రాగం తీసేవాడు. ఆ మూడు రోజులూ పటం ముందు నిలబడి దేవుణ్ణి ఒకటే అడిగాను. పరధ్యానంగా చదివిన వేయి రోజులూ వాణ్ణి పైకి తెచ్చావు. మనసారా చదివిన ఒక్కరోజు తేలేదు. ఏం నేర్పుదామని? కోపంతో అడగలేదు. నిజంగానే తెలియక అడిగాను. పటం ఎప్పటిలాగే ఉంది.

నాలుగో రోజు పొద్దున నేను కొలను దగ్గరికి వెళ్ళేసరికి పిచ్చుక మెట్ల మీద కూర్చుని ఉంది.

"అమ్మకి నువ్వే చెప్పాలి," అంది. "పరీక్షకి ముందు. నేను చెప్పను."

"చెబుతాను."

"తాడు నీ చేతిలో ఉంటే భయం లేదని అంటోంది అమ్మ. నిన్న కూడా అంది. నాకు వినబుద్ధి కాలేదు."

ఆ మధ్యాహ్నమే చెప్పాను. నా భార్య వీధి చివర ఎవరినో చూడ్డానికి వెళ్ళింది. మరదలు మిషను మీద ఎవరిదో బడి యూనిఫారం కుడుతోంది. నేను గుమ్మం దగ్గర నిలబడి మొత్తం చెప్పాను, కొలను దగ్గర చెప్పినట్టే, ఒక్క మాట తగ్గించకుండా. మొదట్లో మిషను నడుస్తూనే ఉంది. మధ్యలో ఎక్కడో ఆగింది. ఎక్కడ ఆగిందో గమనించేంత ధైర్యం నాకు లేకపోయింది.

"ఆరేళ్ళు," అంది మరదలు. "ఆరేళ్ళు మీ కంచంలో నేనే వడ్డించాను."

"అవునమ్మా."

"మీరు తిన్నారు."

ఆవిడ సూది కింద నుంచి గుడ్డ తీసి, దారం పళ్ళతో తెంపి, కుట్టినంత మేరా విప్పడం మొదలుపెట్టింది. వంకరగా పడినట్టుంది.

"అక్కకి తెలుసా, ఏం తలుచుకుని చదివారో?"

"తెలియదు."

"చెప్పకండి." దారం పోగు ఒకటి వేలికి చుట్టుకుంటూ అంది. "తను బతికినందుకే ఇంకొకరు పోయారని అనుకుంటుంది. తనకి ఆ పాపం దేనికి?"

నేను వెళ్ళిపోబోయాను.

"ఆగండి. దానికి తాడు మీరు పట్టడానికి వీల్లేదు."

"పట్టను."

"మీరు దిగండి. అది పట్టుకుంటుంది."

నా మనసులో ఇన్ని వారాలుగా ఉన్నది అదే. ఆవిడ నోట వచ్చేసరికి మాత్రం మెడ మీద ఎవరో చన్నీళ్ళు పోసినట్టయింది. దిగమనడంలో నన్ను నమ్మడం ఎంతో, శిక్షించడం ఎంతో నాకు తెలియలేదు. ఆవిడకి తెలుసో లేదో కూడా చెప్పలేను. మిషను మళ్ళీ కదిలింది.

పరీక్ష నాడు పరుగు పదిహేను నిమిషాల యాభై సెకన్లు. పది సెకన్లే మిగిలాయి. మోటారు తన సైకిలు పారేసి చివరి వంద మీటర్లు నిజంగానే నా పక్కన పరిగెత్తాడు, అరుపు తప్ప పాట లేదు. ఈత పన్నెండులోపే అయింది. తాడు బరువు ఇద్దరం సులువుగా లాగాం. పిచ్చుక నీటి కింద నుంచి వెళ్ళి, చివర గోడ తాకి, తిరిగి సగం దూరం కూడా వచ్చేసింది. ఇంజనీరమ్మ, "ఇది అడగలేదమ్మా నేను," అని నవ్వింది.

తర్వాత నా వంతు. మునిగాను. ప్రార్థన మొదలైంది. దాన్ని ఆపడానికి ఇన్నాళ్ళూ పెనుగులాడాను. ఆ రోజు వదిలేశాను, రానీ అని. ఏడో పాదం వచ్చింది. ఛాతీలో ఎవరో పిడికిలి బిగించారు. కింద నల్ల టైళ్ళ గీత కదులుతోంది. గీత పూర్తికాలేదు కాబట్టి నేనూ ఆగకూడదు, అంతే అనుకున్నాను. ఎనిమిదో పాదం నేను ఈదుతూ చదివాను. చేతికి గోడ తగిలింది.

ఒక సోమవారం పొద్దున బావి దగ్గర చేరాం. ఆ వైపు పంపు ఆపేశారు. ఇంజనీరమ్మ కాగితం చూసి చెప్పింది: ఒక్కో మునక నలభై సెకన్లు, ఒక్క సెకను ఎక్కువ లేదు, తాడు ఇంక ఏ కడ్డీ కిందికీ పోకుండా గొట్టంలోంచి వస్తుంది, నడుముకి కొక్కెం ఉండకూడదు. పిచ్చుక నా నడుముకి ముడి వేసింది. రెండుసార్లు లాగి చూసింది. మెడలో వాచీ.

"నలభైకి లాగేస్తా పెదనాన్నా. నువ్వొస్తున్నావా లేదా అని అడగను."

"అడగకు."

మెట్టు దిగబోతూ తల తిప్పితే, ఇనప గేటు అవతల కటకటాలు పట్టుకుని మరదలు నిలబడి ఉంది. ఆరేళ్ళలో ఆవిడ ఆ గట్టెక్కడం అదే మొదటిసారి. చేతికి ఇంకా కుట్టుపని వేలితొడుగు ఉంది. పనిలోంచి లేచి వచ్చేసినట్టుంది. చెప్పిన రోజు నుంచి నాతో ఒక్క మాట లేదు. వడ్డించడం మాత్రం మానలేదు.

నీళ్ళు చల్లగా, పచ్చగా, పప్పు నీళ్ళలా చిక్కగా ఉన్నాయి. చేతులతో గోడ తడుముకుంటూ దిగాను. రెండు నిలువుల లోతులో జల్లెడ దొరికింది, నాచు దట్టంగా జుట్టులా పట్టింది. గుప్పెళ్ళతో పీకాను. ప్రార్థన దానంతటది నడుస్తోంది. ఎడమ చేతికి ఒక కడ్డీ తగిలింది. వంగి ఉంది. ఎవరూ దాన్ని తిన్నగా చెయ్యలేదు. నాకు తెలియకుండానే చెయ్యి దాని మీద ఆగిపోయింది. వేళ్ళతో దాని వంపు తడిమాను. తమ్ముడు కూడా తడిమే ఉంటాడు, పైన నేను ఒక్కో మాటకీ ఆగి ఆగి కృతజ్ఞత చెప్పుకుంటున్నంతసేపూ. ఇంకొంచెం సేపు అక్కడే ఉండాలనిపించింది. చావాలని కాదు. వాడితో కాస్త కూర్చుందామని, అంతే.

తొమ్మిదో పాదం మొదలుపెట్టానో లేదో, నడుము దగ్గర పెళ్ళున కుదుపు.

అది అడగలేదు. అన్నట్టే లాగేసింది. మోచెయ్యి గోడకి కొట్టుకుంది, కడ్డీ చేతిలోంచి జారింది, వెలుతురు మీదికి వచ్చి పడింది. మెట్టు పట్టుకుని దగ్గుతూ గాలి పీల్చాను. చేతి నిండా నాచు.

"నలభై," అంది పిచ్చుక. తాడు ఇంకా బిగువుగానే పట్టుకుని ఉంది.

గేటు దగ్గర మోటారు తాళం తీసినట్టున్నాడు, మరదలు బావి అంచుదాకా వచ్చింది. పైనుంచి నన్ను చూసింది. ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"ఎంతదాకా వచ్చింది?"

దేని గురించి అడుగుతోందో అర్థమైంది. "ఎనిమిది పాదాలు," అన్నాను.

ఆవిడ తల ఊపింది. "మిగతావి పైన చదువుకోండి. మళ్ళీ దిగాలిగా."

మెట్టు పట్టుకుని, ముక్కులోంచి నీళ్ళు కారుతుండగా, మిగిలిన నాలుగు పాదాలూ చదివాను. పెద్దగా మనసు పెట్టలేదు. పిచ్చుక వాచీని సున్నాకి తిప్పింది. మునిగాను.

ఆ రోజు పందొమ్మిదిసార్లు దిగాను. ఒక్కసారి కూడా ప్రార్థన నీళ్ళ కింద పూర్తి కాలేదు.